చెనిక్కాయల పాలు: ఎవరికి మేలు, ఎవరికి చాలదు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు కార్యదర్శి గారు మమ్మల్ని పిలిచి, "మాస్టర్ సాబ్, చదువు గురించి మీరు ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నారు, మేము వింటూనే ఉన్నాము. ఈసారి ఆరోగ్యం గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. మేము డాక్టర్లం కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. అయినా ఒప్పుకోవటానికి ఒక కారణం ఉంది. ఈ మధ్య మన ఇళ్లలో ఫోన్లు చూసి చెనిక్కాయల పాలు, బాదం పాలు, రాగి పాలు, సోయా పాలు తీయటం మొదలయింది. మంచిదే, మా ఇంట్లోనూ తీస్తున్నారు. అయితే ఆ ఫోన్లలో చెప్పేవాళ్లు అక్కడితో ఆగటం లేదు. వీటితో షుగరు పోతుందంటారు, కీళ్ల నొప్పులు పోతాయంటారు, ఇక ఆవు పాల అవసరమే లేదంటారు. ఇందులో నిజం కొంత ఉంది, గాలి చాలా ఉంది. రెంటినీ చాటలో వేసి చెరిగి చూపాలని మా ప్రయత్నం.

ముందు మన ప్రాంతం సంగతి చూద్దాం. మనది పాల సీమ. పుంగనూరు పేరు చెబితే దేశమంతా గుర్తుపట్టేది ఆ పొట్టి ఆవునే. మూడడుగుల ఎత్తు కూడా ఉండదు, మేత కొంచెమే, పాలు కూడా కొంచెమే. కాని ఆ పాలలో వెన్న శాతం ఎక్కువని పెద్ద పేరు. ఆ జాతి దాదాపు అంతరించే దశకు వస్తే పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుకుంటూ వచ్చారు. ఇప్పుడు దాని ధర లక్షల్లో ఉంది, మన ఇంటి ముందు కట్టుకునే మాట కాదు. మన వాళ్లు కట్టుకున్నది సంకరజాతి ఆవుల్ని. కుప్పం, పలమనేరు, పుంగనూరు పల్లెల్లో చెరువులు ఎండినా, టమోటా ధర పడిపోయినా ఇల్లు నడిపింది ఈ ఆవులే, అందులో సందేహం లేదు.

కాని ఒక విచిత్రం చూడండి. తెల్లవారుజామున పాలు పితుకుతారు, క్యాను డెయిరీ కేంద్రానికి పోతుంది. సాయంత్రం పితుకుతారు, అదీ పోతుంది. ఇంట్లో టీకి మాత్రం ఓ గ్లాసు మిగులుస్తారు. ఆ గ్లాసులో నీళ్లు పోసి ఆరుగురు టీ తాగుతారు. మా తరగతిలో ఒకసారి పిల్లల్ని "పొద్దున ఏం తాగారు?" అని అడిగితే చేతులన్నీ టీకే లేచాయి. ఇంట్లో ఆవులున్న పిల్లలవి కూడా. ఆవు లేని కూలీ ఇళ్ల సంగతి, బీడీలు చుట్టే ఇళ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇటువంటి చోట ఇంట్లో దొరికే గింజతో నాలుగు గ్లాసుల పోషకమైన తాగుడు తయారవుతుందంటే దాన్ని చిన్నచూపు చూడరాదు.

ఇది కొత్త విద్య అనుకోకండి. 1226లో ముహమ్మద్ బిన్ హసన్ అల్ బాగ్దాదీ కూర్చిన అరబ్బీ వంటల పుస్తకం కితాబుల్ తబీఖ్‌లోనే బాదం పప్పు నూరి నీళ్లతో పాలు తీసి వంటల్లో పోయటం ఉంది. మన ఇళ్లలో బాలింతలకు చేసే హరీరా ఆ కోవలోదే. తమిళనాడు వైపు మసీదుల్లో రంజాన్ నెలలో కాచే నోన్బు కంజిలో కొబ్బరి పాలు పడతాయి, కుప్పం వాళ్లకు ఆ రుచి మేము చెప్పనక్కరలేదు. చెనిక్కాయల సంగతికి వస్తే, అమెరికాలో బానిస కుటుంబంలో పుట్టి శాస్త్రవేత్త అయిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1921లో అక్కడి పార్లమెంటు సంఘం ముందు నిలబడి చెనిక్కాయలతో చేసిన సరుకులు ఒక్కొక్కటీ బయటకు తీసి చూపాడు. వాటిలో పాలు కూడా ఉన్నాయి. ఆయనకు మొదట ఇచ్చిన గడువు పది నిమిషాలు. సభ్యులే ఆసక్తి పుట్టి గడువు పెంచుకుంటూ పోయారట. (మా అధ్యక్షుల వారు కూడా ఈ సంగతి గమనించగలరు.)

మనకు దగ్గరలో మైసూరు ఉంది. అక్కడ 1950లో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో తొలి డైరెక్టరు డాక్టర్ వి. సుబ్రహ్మణ్యన్ కాలంలోనే చెనిక్కాయల నుంచి పాలు, పెరుగు తయారు చేయటం మీద పని జరిగింది. తర్వాత అదే సంస్థ మిల్టోన్ అనే పానీయాన్ని తయారు చేసింది. చెనిక్కాయల నుంచి తీసిన మాంసకృత్తుల్ని గేదె పాలతో కలిపి, విటమిన్లు, ఖనిజాలు చేర్చి పిల్లలకు ఇవ్వటానికి 1970లలో బెంగుళూరు వంటి చోట్ల దాన్ని తయారు చేశారు. ఈ మిల్టోన్ విషయంలో ఒకటి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాము. అంతటి శాస్త్రజ్ఞులు కూడా చెనిక్కాయల్ని ఒంటరిగా వదలలేదు. దానికి పాలు కలిపారు, లేనివి చేర్చారు.

ఇక తయారీ. తల్లులకు మేము వంట నేర్పటం హాస్యంగా ఉంటుందని తెలుసు. అయినా ఫోన్లో చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి కనుక వినండి.

టీ గ్లాసు నిండా చెనిక్కాయ గింజలు తీసుకోండి, సుమారు వంద గ్రాములు. ముందు తెల్లటి పళ్లెంలో పోసి ఏరండి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి, నోట్లో వేసుకుంటే చేదుగా ఉన్నవి పారేయండి. ఈ పని ఎంత ముఖ్యమో తర్వాత చెబుతాము. మంచివి కడిగి రాత్రి నానబెట్టండి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, గింజల్ని అరచేతుల మధ్య నలిపితే పొట్టు ఊడి వస్తుంది. పచ్చి వాసన గిట్టనివాళ్లు నానబెట్టడానికి ముందు గింజల్ని సన్న సెగ మీద దోరగా వేయిస్తే ఆ వాసన చాలామటుకు పోతుంది. పెద్ద గ్లాసులు నాలుగు నీళ్లు పక్కన పెట్టుకుని, మొదట కొద్ది నీళ్లతో వెన్నలాగా మెత్తగా రుబ్బాలి. రోలయినా సరే, మిక్సీ అయినా సరే. మొదటే నీళ్లన్నీ పోస్తే గింజ నలగదు, పాలు దిగవు. మెత్తగా నలిగాక మిగిలిన నీళ్లు పోసి, ఉతికిన పల్చటి నూలు గుడ్డలో వేసి పిండండి.

దీన్ని పచ్చిగా తాగరాదు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి, కలుపుతూ, పొంగు వచ్చాక సన్న సెగ మీద మరో పది నిమిషాలు మరగనివ్వాలి. అసలు పాలలాగే ఇదీ పొంగుతుంది, అసలు పాలలాగే మనం అటు తిరిగినప్పుడే పొంగుతుంది. దించాక చిటికెడు ఉప్పు, ఒక ఏలక్కాయ, తీపి కావాలంటే నాలుగు ఖర్జూరాలు నూరి కలపండి. సహరీకి ఇది బాగా పనికొస్తుంది, కడుపులో నిలుస్తుంది. నిలువ ఉంచితే పైన మీగడలాంటిది తేలుతుంది. అది చెడిపోవటం కాదు, కలిపి తాగవచ్చు. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. బయట, అందులోనూ మన ఎండాకాలంలో, మూడు నాలుగు గంటలు దాటితే నమ్మరాదు. టీలో పోసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. కుతకుత ఉడికే డికాక్షన్‌లో చల్లటి గింజ పాలు పోస్తే విరిగిపోతాయి. డికాక్షన్ కాస్త చల్లారాక, పాలు వెచ్చజేసి పోయాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు నాలుగు పచ్చిమిరప తొడిమలు వేసి మూత పెడితే పెరుగులా తోడుకుంటుంది. ఆ పెరుగు మజ్జిగకు పరవాలేదు. పెరుగన్నానికి మాత్రం మేము ఒప్పుకోము.

గుడ్డలో మిగిలిన పిప్పి పారేయకండి. ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డలు వేసి నూరితే సంగటిలోకి ఊరిబిండి అవుతుంది. రొట్టె పిండిలో కలపవచ్చు. ఆ పిప్పిలో మాంసకృత్తులు ఇంకా ఎన్నో మిగిలి ఉన్నాయి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మాకు ఇష్టమైన భాగం ఇది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పట్టికల ప్రకారం వంద గ్రాముల చెనిక్కాయ గింజల్లో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. అదే వంద గ్రాముల ఆవు పాలలో 3.2 గ్రాములే. ఫోన్లో చెప్పేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్క పక్కన పెట్టి "చూశారా, ఎనిమిదింతలు!" అంటారు. అయిదో తరగతి పిల్లవాడు కూడా ఈ తప్పు పట్టుకోగలడు. ఆ వంద గ్రాముల గింజల్లో మనం నాలుగు పెద్ద గ్లాసుల నీళ్లు పోశాము. కొంత సారం పిప్పిలో ఉండిపోయింది. మిగిలింది నాలుగు గ్లాసులకు పంచితే గ్లాసుకు నాలుగు గ్రాముల చుట్టుపక్కల వస్తుంది. గ్లాసు ఆవు పాలలో ఆరు గ్రాముల పైన ఉంటుంది. అంటే మన గింజ పాలు అసలు పాలకు తక్కువే, కాని తీసిపారేసేంత తక్కువ కాదు.

సున్నం దగ్గర మాత్రం లెక్క తలకిందులవుతుంది. ఎముకలకు, పళ్లకు కావలసిన కాల్షియం గ్లాసు ఆవు పాలలో సుమారు 240 మిల్లీగ్రాములు. వంద గ్రాముల చెనిక్కాయల్లో మొత్తం 90 మిల్లీగ్రాములే, దాన్ని నాలుగు గ్లాసులకు పంచితే ఇరవై చుట్టూ తేలుతుంది. పన్నెండు గ్లాసులు తాగితే గాని ఒక గ్లాసు ఆవు పాలకు సమానం కాదు. బి 12 విటమిన్ అయితే గింజల్లో అసలు ఉండదు. అది తక్కువైతే నరాలు, రక్తం దెబ్బ తింటాయి. మాంసం, గుడ్డు, పాలు తినే ఇళ్లలో ఆ భయం లేదు. మిల్టోన్‌లో ఖనిజాలు, విటమిన్లు ఎందుకు కలిపారో ఇప్పుడు అర్థమయి ఉంటుంది.

ఖర్చు కూడా చూద్దాం. కిలో గింజలు నూటయాభై రూపాయలనుకుంటే నాలుగు గ్లాసులకు పదిహేను రూపాయలు. బెంగుళూరు దుకాణాల్లో అమ్మే బాదం పాల డబ్బాతో పోలిస్తే ఇది లెక్కే కాదు. కాని మా మాట ఒకటి చెబుతాము. నమలగలిగిన పిల్లవాడికి పాలు తీయటం ఎందుకు? పిడికెడు ఉడకబెట్టిన చెనిక్కాయలు, ఓ బెల్లం ముక్క చేతిలో పెట్టండి. పిప్పి పోదు, నీళ్లు కలవవు, గుడ్డ ఉతకనక్కరలేదు. మన రాష్ట్రంలో బడి పిల్లల భోజనంలో 2020లో చిక్కీ చేర్చింది, 2023 మార్చిలో రాగి జావ మొదలుపెట్టింది ఊరికే కాదు. అయిదేళ్లలోపు పిల్లలకు మాత్రం గింజలు గింజలుగా పెట్టకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వాళ్లకు మెత్తగా నూరి పెట్టాలి.

మరి ఈ పాలు ఎవరికి నిజంగా మేలు? పాలు పడనివాళ్లకు. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించే రసం చిన్నతనంలో అందరి పేగుల్లోనూ ఉంటుంది, పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. 1981లో వెలువడిన ఒక పరిశోధనలో దక్షిణాది వారిలో సుమారు మూడింట రెండు వంతుల మందికి ఈ లోపం కనిపించింది, ఉత్తరాది వారిలో నాలుగో వంతుకు కాస్త పైన. ఇది జబ్బు కాదు, సిగ్గుపడవలసిన విషయమూ కాదు. పండుగ నాడు నాలుగిళ్లలో షీర్ ఖుర్మా తాగి సాయంత్రానికి కడుపు పట్టుకుని కూర్చునే పెద్దవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఎవరో దిష్టి పెట్టారనుకుంటారు. దిష్టి కాదు, లాక్టోజ్. అటువంటివారికి సేమ్యాలు చెనిక్కాయ పాలలోనో బాదం పాలలోనో వండి పెడితే పండుగ పండుగలా గడుస్తుంది. పాలు పడకపోయినా పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి, అదీ గుర్తుంచుకోండి.

గుండె జబ్బువారికి, కొలెస్టరాల్ ఉన్నవారికి గింజల్లోని కొవ్వు మీగడ పాల కొవ్వు కంటే మేలయినదే. కాని కొవ్వు కొవ్వే. చెనిక్కాయ గింజల బరువులో దాదాపు సగం నూనె. బరువు తగ్గాలని రోజుకు నాలుగు గ్లాసులు తాగేవాళ్లను చూశాము, వాళ్లు తగ్గలేదు. షుగరు ఉన్నవారు తీపి కలపకుండా చెనిక్కాయ పాలు తాగవచ్చు. అదే రాగి పాలు, బియ్యం పాలు, ఓట్ల పాలు అయితే వాటిలో ఉన్నది పిండి పదార్థం, షుగరు పెరుగుతుంది. కొబ్బరి పాలలో మాంసకృత్తులు బహు తక్కువ, రుచికి తప్ప బలానికి కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఇవేవీ మొదలుపెట్టరాదు. చెనిక్కాయలు తింటే పెదవులు వాచటం, ఆయాసం రావటం కొందరికి ఉంటుంది. ఒకసారి అలా జరిగితే వెంటనే ఆస్పత్రికి పోవాలి, మళ్లీ వాటి జోలికి పోరాదు.

ఇక మేము ఈ ప్రసంగానికి ఒప్పుకోవటానికి అసలు కారణమైన సంగతి చెబుతాము. ఊరు, పేరు చెప్పము. మాకు తెలిసిన ఇంట్లో కోడలు కాన్పయిన కొన్ని నెలలకే బట్టల ఫ్యాక్టరీ పనికి పోవలసి వచ్చింది. బిడ్డకు ఆరు నెలలు. ఆవు పాలు పోస్తే విరేచనాలవుతున్నాయని దాదీ గారు ఎవరో ఫోన్లో చూపించిన ప్రకారం చెనిక్కాయ పాలు తీసి, చిక్కగా ఉంటే అరగవేమోనని ఇంకా నీళ్లు కలిపి, చక్కెర వేసి సీసాతో పోయటం మొదలుపెట్టారు. ఎంతో ప్రేమతో, రోజుకు రెండుసార్లు కొత్తగా తీసి పోశారు. మూడు నెలలు గడిచాయి. బిడ్డ బొద్దుగా కనిపిస్తున్నాడని ఇంట్లో సంతోషించారు. అది ఒళ్లు కాదు, వాపు. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. జుట్టు ఎర్రబారి, పట్టుకుంటే ఊడి వచ్చింది. ఆడటం మానేశాడు, ఏడవటం కూడా మానేశాడు. ఆస్పత్రిలో డాక్టరు గారు మాంసకృత్తుల లేమి అన్నారు. అల్లా దయవల్ల ఆలస్యమయినా బతికి బయటపడ్డాడు, ఇప్పుడు నడుస్తున్నాడు. మేము చూడపోయిన రోజు ఆ దాదీ గారు వరండాలో కూర్చుని మా చేయి పట్టుకుని ఒకే మాట పదే పదే అన్నారు. "దూదిచ్ తో పిలాయీ, మాస్టర్ సాబ్!" పాలే కదా పోశాను, అని.

ఆమెది ఏం తప్పు? ఆమెకు చెప్పినవాళ్లు దాన్ని పాలు అనే చెప్పారు. తెల్లగా ఉంది, పొంగుతుంది, మీగడ కడుతుంది. మేము పిల్లలకు ఫారసీ పదాలు చెప్పేటప్పుడు షీన్, యే, రే అని రాసి చదవమంటాము. షీర్ అని చదివితే పాలు, షేర్ అని చదివితే సింహం. రాత ఒకటే, వస్తువు వేరు. చూసి చదివేవాడికి ముందు వెనుకలు తెలియాలి. తెలుగులో కూడా జిల్లేడు చెట్టు నుంచి కారేదాన్ని పాలు అనే అంటాము, దాన్ని ఎవరూ తాగరు కదా. 2021లో మన దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ గింజలతో చేసిన పానీయాలను పాలు అనే పేరుతో అమ్మరాదని చెప్పింది. పాల వ్యాపారులు, గింజ పాల వ్యాపారులు దీని మీద కొట్లాడుకుంటున్నారు, ఆ కొట్లాట మనకు వద్దు. మనకు కావలసింది ఆ వరండాలో వినిపించిన మాట.

కాబట్టి గట్టిగా చెబుతున్నాము. ఏడాది నిండని బిడ్డకు తల్లి పాల బదులు చెనిక్కాయ పాలు గాని, బాదం పాలు గాని, రాగి పాలు గాని, ఏ గింజ పాలయినా గాని పోయరాదు. ఆరు నెలల దాకా తల్లి పాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదు. ఆ తర్వాత మెత్తటి అన్నం, పప్పు, గుడ్డు పెడుతూ రెండేళ్ల దాకా తల్లి పాలు కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండేళ్ల మాట మన ఇళ్లకు కొత్త కాదు, దాదీలకు, నానీలకు తెలిసినదే. తల్లి పనికి పోవలసి వస్తే పాలు పిండి శుభ్రమైన గిన్నెలో మూత పెట్టి పోవచ్చు. అదీ కుదరకపోతే డాక్టరును, అంగన్‌వాడీ అమ్మను అడగాలి, ఫోనును కాదు. ఏడాది దాటిన పిల్లలకు రాగుల్ని మొలకెత్తించి రుబ్బి, పాలు తీసి, గంజిలా ఉడికించి పెట్టటం మన పల్లెల్లో తరతరాలుగా ఉంది. రాగుల్లో కాల్షియం వంద గ్రాములకు 344 మిల్లీగ్రాములు. నువ్వుల్లో ఇంకా ఎక్కువ. ఆ గంజి ఎంతో మంచిది, భోజనంతో పాటుగా. భోజనానికి బదులుగా కాదు.

గాంధీ గారి సంగతి కూడా చెప్పాలి. ఆయన 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానేశారు. 1918లో ఖేడా జిల్లాలో తిరిగేటప్పుడు ఆయన ముఖ్యాహారం చెనిక్కాయల వెన్న, నిమ్మకాయలు. విరేచనాలు పట్టుకుని చావు దగ్గరకు పోయి వచ్చారు. పాలకు బదులు ఏదైనా మొక్కల్లో దొరుకుతుందేమోనని డాక్టర్లను, వైద్యులను అడిగి వెతికారు. దొరకలేదు. చివరకు కస్తూర్బా గారు చెప్పగా మేక పాలు తీసుకున్నారు. అంతటి మొండి మనిషే ఒప్పుకోవలసి వచ్చింది.

ఏరమన్న గింజల సంగతి మరిచిపోలేదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చాయి. కారణం వెతికితే వాటికి పెట్టిన చెనిక్కాయల పిండిలో బూజు తేలింది. ఆ బూజు తయారు చేసే విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కాలేయాన్ని దెబ్బ తీస్తుంది, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పోతే క్యాన్సరుకు దారి తీస్తుంది. ఉడకబెట్టినా, మరిగించినా పోదు. పాలలో అయితే కంటికి కనిపించదు, చక్కెర, ఏలక్కాయ వేస్తే నాలుకకూ తెలియదు. కోత సమయంలో వానకు తడిసిన కాయలు, మూలన తేమలో పడి ఉన్న బస్తా కాయలు చవకగా వస్తున్నాయని కొని పాలు తీయకండి. చెడిపోయిన గింజలు అమ్మేవాడు పాలకే పనికొస్తాయని అమ్ముతాడు.

మందు సంగతి ఒక్క మాట. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలయింది. 1940లలో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టేదాకా క్షయకు విశ్రాంతి, మంచి గాలి, పాలు, గుడ్లు ఇవే ప్రపంచమంతటా వైద్యం. అందుకే మన వైపు పెద్దవాళ్లలో పాలు తాగితే జబ్బు పోతుందన్న నమ్మకం బలంగా ఉంది. కాని 1959లో మద్రాసు క్షయ చికిత్సా కేంద్రం వారు ఒక ఫలితం ప్రకటించారు. శానిటోరియంలో మంచి తిండి తింటూ మందులు వాడినవారు, ఇరుకు ఇళ్లలో పేద తిండి తింటూ అవే మందులు వాడినవారు దాదాపు ఒకేలా కోలుకున్నారు. జబ్బును కుదిర్చింది మందు. తిండి మనిషిని నిలబెడుతుంది, ఆ పని కూడా చిన్నది కాదు. చెనిక్కాయ పాలు మొదలుపెట్టామని షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ఆపేసినవాళ్లు ఈ సభలో ఉంటే, పేర్లు అడగము, ఈ రోజే మళ్లీ వేసుకోండి.

పాల క్యాను నింపే ఇళ్లవాళ్లకు ఒక విన్నపం. డెయిరీకి పోసేముందు పిల్లల గ్లాసులు నింపండి, తర్వాత క్యాను నింపండి. పదిహేను రోజులకొకసారి వచ్చే బిల్లులో అది ఎంత తగ్గుతుందో మేము లెక్క వేసి ఇస్తాము, ఎవరికి కావాలన్నా బడికి రండి. ఆవు లేనివాళ్లు, పాలు పడనివాళ్లు గింజ పాలు తీసుకోండి, పక్కన రాగులు, ఆకుకూర, గుడ్డు ఉండేలా చూసుకోండి.

సభ అయ్యాక పక్క గదిలో మా ఇంటివాళ్లు, కుప్పం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు కలిసి చెనిక్కాయ పాలు రెండు గిన్నెల్లో పెట్టారు. ఎడమ చేతి వైపుది ఖర్జూరం వేసినది, కుడి వైపుది ఉత్తది, షుగరు వాళ్లకు. పెద్దవాళ్లు గ్లాసులు తారుమారు చేయకుండా పిల్లలు చూసుకోవాలి. పిప్పితో చేసిన ఊరిబిండి, సంగటి భోజనాల దగ్గర ఉన్నాయి.